గాలి లేని లెక్క

కాలువ కింద రైతులందరికీ ఆమె ఆవిరమ్మ. అసలు పేరు జీతం కాగితంలో ఉంటే ఉండవచ్చు గాని, ఆఫీసు అటెండరు కూడా "ఆవిరమ్మగారు ఇంకా రాలేదండీ" అనే అంటాడు. ఆ పేరు పెట్టినవాడు మైకు మామ. కాలువ మొదట్లో పొలం ఉన్న పెద్ద రైతు ఆయన. పక్కన కూర్చున్న మనిషితో గుసగుసలాడినా పక్క వీధికి వినబడుతుంది కనుక ఆయనకు ఆ పేరు. ఒకసారి రైతుల సమావేశంలో ఆమె లేచి, పోయిన వారం నేల నుంచీ పైరు నుంచీ ఇంత నీరు ఆవిరైపోయిందని వివరంగా చెబుతుంటే, ఆయన మధ్యలో అందుకున్నాడు.

"అంటే అమ్మా, ఆకాశం ఎంత తాగిందో నువ్వు చెప్తావు, మేం ఎంత తాగాలో ఇంజనీరు చెప్తాడు. అంతేగా?"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తన ఉద్యోగాన్ని అంత తేలిక మాటల్లో తానెప్పుడూ చెప్పలేకపోయింది మరి.

పైరు వదిలే ఆవిరికి పుస్తకాల్లో నోరు తిరగని పేరొకటి ఉంది. ఆ పేరు ఆమె ఎవరి ముందూ వాడదు. ఎవరైనా అడిగితే ఇలా చెబుతుంది: ఒక మైదానం నిండా చీలమండ ఎత్తున పచ్చగడ్డి ఉందనుకోండి. అంతా ఒకే ఎత్తు, నీటికి కరువు లేదు. ఈ ఎండకీ ఈ గాలికీ ఆ గడ్డి రోజుకు ఎంత నీరు ఆవిరి చేస్తుందో తెలిస్తే చాలు. మొక్కజొన్నకైతే దాని వయసును బట్టి ఇంత, కూరగాయలకైతే ఇంత అని అక్కడి నుంచి లెక్క కట్టుకోవచ్చు. ఆ అంకె సోమవారం ఇంజనీరు బల్ల మీదికి వెళ్తుంది. దాన్ని చూసుకుని ఆయన డ్యామ్ గేటు ఎంత ఎత్తాలో చెబుతాడు.

"మా ఆవిడ లేని గడ్డికి దాహం కొలిచి జీతం తెస్తుంది," అంటాడు ఆమె భర్త. ఆయన వెల్డరు. ఉన్న ఇనుమును అతికించడానికే ఒళ్లు హూనమయ్యే మనిషికి, లేని గడ్డితో నెల గడవడం ఎన్నేళ్లయినా వింతే.

ఆఫీసు చివర ఆమె గది. గోడకు ఒక బీరువా, కిర్రుమనే పంకా, చెక్క ఉబ్బి సగమే మూసుకునే కిటికీ. ఆ కిటికీలోంచి చూస్తే వెనక కంచె వేసిన జాగా కనబడుతుంది. ఆమె చేరిన కొత్తలో అక్కడ అన్నీ ఉండేవి. థర్మామీటర్లు దాచిన తెల్లటి చెక్కపెట్టె, గాలిలో చెమ్మ కొలిచే సాధనం, గాలికి గిర్రున తిరిగే మూడు గిన్నెల యంత్రం, ఎండ పడినంతసేపూ కింద అట్టముక్క మీద గీత కాల్చే గాజుబంతి. లెక్కకు కావలసిన నాలుగు సంగతులూ, వేడి, చెమ్మ, ఎండ, గాలి, ఆ కంచెలోనే దొరికేవి.

తర్వాత ఒక్కొక్కటీ పోయాయి. గాజుబంతిని ఎవరో ఎత్తుకుపోయారు. చెమ్మ సాధనం ఒక వానాకాలంలో చెడిపోయి, ఎండ మండే రోజున కూడా వాన పడుతున్నట్టు చూపించడం మొదలుపెట్టింది. చివరికి గిన్నెల యంత్రం బేరింగు పట్టేసింది. గాలి ఈడ్చి కొడుతున్నా గిన్నెలు మాత్రం అలిగిన కొత్త అల్లుడిలా కదలవు. ఆమె పై ఆఫీసుకు రాసింది. పరిశీలనలో ఉందన్నారు. మళ్లీ రాసింది. ఇంకా పరిశీలనలోనే ఉందన్నారు. ఆ తర్వాత రాయడానికి ఆమెకు చేతులు రాలేదు.

మిగిలింది రెండు థర్మామీటర్లు. పగలు ఎంత వేడెక్కిందో ఒకటి చెబుతుంది, రాత్రి ఎంత చల్లబడిందో రెండోది చెబుతుంది. ఆ రెంటితోనే నడిపే పొట్టి లెక్క ఒకటి ఉంది. పగటికీ రాత్రికీ తేడా ఎక్కువుంటే ఆకాశం నిర్మలంగా ఉండి ఎండ బాగా కాసినట్టు. తక్కువుంటే మబ్బు, చెమ్మ. ఏడాదిలో ఆ రోజున సూర్యుడు పంపే వేడి ఎంతో ముందే తెలుసు. ఈ రెండూ కలిపితే గడ్డి దాహం దాదాపు తేలుతుంది. గుడ్డికన్నా మెల్ల నయం. ఏడాదిలో ఎక్కువ భాగం ఆ లెక్క నమ్మకంగానే పనిచేసేది.

దానికి ఉన్నది ఒకటే లోపం. గాలి అనేదొకటి ఉందని దానికి తెలియదు.

*

కాలువ చిట్టచివర ఆమె తమ్ముడి పొలం ఉంది. అది వాళ్ల నాన్న పొలమే. నాన్న పోయేనాటికి ఆమెకు ఉద్యోగం వచ్చింది. తమ్ముడికి చదువు అబ్బలేదు, మట్టి అబ్బింది. "నువ్వు కాగితం మీద పండించు అక్కా, నేను నేల మీద పండిస్తా," అనేవాడు నవ్వుతూ. ఆమెకు ఇదే కాలువ ఆఫీసులో పోస్టింగు వచ్చినప్పుడు వాడు సంతోషించిన తీరు చూసి మరదలు దిష్టి తీసినంత పని చేసింది.

ఆ సంతోషం ఒక్క పంట కాలమే నిలిచింది. ఒక సమావేశంలో వెనక వరసలోంచి ఎవరో అన్నారు: "అక్క చేతిలో కాలువ ఉంటే తమ్ముడి చేలో కరువా?"

అన్నదెవరో తెలియలేదు. ఎవరూ నవ్వలేదు, అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. అప్పటి నుంచి పైరు ఉన్నన్నాళ్లూ ఆమె తమ్ముడి పొలం వైపు వెళ్లడం మానేసింది. వాడు ఇంటికొస్తే నీళ్ల మాట ఎత్తనిచ్చేది కాదు. మొదట్లో వాడు నొచ్చుకున్నాడు, తర్వాత అలవాటు పడ్డాడు, ఆ తర్వాత రావడం తగ్గించాడు. వచ్చినా బావతో కూర్చుని మోటారు పంపుల సంగతులు మాట్లాడుకుని వెళ్లిపోయేవాడు.

"ఏమోయ్, వాడు నీ తమ్ముడా నా తమ్ముడా?" అని అడిగాడు భర్త ఒకసారి.

"పంట ఇంటికొచ్చేదాకా మీ తమ్ముడే అనుకోండి," అంది ఆమె.

*

ఆ ఏడు మొక్కజొన్న పూతకు వస్తున్న రోజుల్లో కొండల వైపు నుంచి పొడిగాలి మొదలైంది. ఏటా వచ్చే గాలే, కాకపోతే ఏటా నాలుగు రోజులు వీచి పోయేది, ఈసారి పోలేదు. కిటికీ సందులోంచి దుమ్ము వచ్చి బల్ల మీద పొరలా పరుచుకునేది. ఉతికి ఆరేసిన బట్టలు, ఆమె మెట్లు దిగి మళ్లీ ఎక్కేసరికి అట్టల్లా బిగిసిపోయేవి. పెదాలు పగిలాయి. బస్సులో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు, నోరు తెరిస్తే దుమ్మే.

తెల్లవారగానే ఆమె కంచెలోకి వెళ్లి వంగి, గడ్డి మీద అరచేయి ఆనించి చూసేది. మామూలు రోజుల్లో చెయ్యి తడిసేది. తెల్లవారుజామున గడ్డి మీద మంచు పడిందంటే, ఆ రాత్రి చల్లదనానికి నీరుగా మారేంత చెమ్మ గాలిలో ఉన్నట్టు. చెమ్మ కొలిచే సాధనం పోయాక ఆమెకు మిగిలిన ఆధారం అదొక్కటే. ఇప్పుడు గడ్డి కరకరలాడుతోంది. చేతికి దుమ్ము తప్ప ఏమీ అంటలేదు.

లెక్క మాత్రం ఎప్పటిలాగే ఉంది. పగలు అంత, రాత్రి ఇంత, తేడా ఇంత, కనుక గడ్డి దాహం రోజుకు అయిదు మిల్లీమీటర్లు. నిరుడు గాలి లేని వారంలో కూడా అయిదే.

ఆ అయిదు అబద్ధమని ఆమెకు తెలుసు. ఎంత అబద్ధమో తెలియదు. ఆరు అనాలా, ఏడు అనాలా? ఏ కాగితం చూపించి అనాలి? పైగా అదనపు నీరు దిగువకే కావాలి. గేటు తక్కువ ఎత్తినా ఎగువ రైతులు తమకు కావలసినంత తోడుకుంటారు, కొరత పడేదంతా చివరి పొలాలకే. అంకె పెంచితే బాగుపడేది చివరి పొలాలు. చివరి పొలాల్లో ఒకటి తమ్ముడిది.

సోమవారం అయిదు అని రాసి ఇచ్చింది. మరుసటి సోమవారమూ అదే రాసింది. గాలి ఆగలేదు.

"ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు భర్త అన్నం దగ్గర.

"బాగానే ఉంది. అలిసిపోయాను."

"పని ఎక్కువైందా?"

"పని ఎప్పుడూ ఉండేదే. తెలిసి తెలిసి తప్పు అంకె రాస్తున్నా. దానికి ఎక్కువ అలుపొస్తుంది."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. రోజంతా వెల్డింగు వెలుగు చూసిన కళ్లు సాయంత్రానికి ఎర్రబడి నీళ్లు కారుతుంటాయి. "నేను అతుకు సరిగ్గా పడలేదని తెలిసీ గేటు బిగించాననుకో, అది ఎవడి మీద పడుతుందా అని రాత్రంతా నిద్ర పట్టదు," అన్నాడు.  ఆమె కంచం తీసుకుని లేచిపోయింది.

*

మరదలు ఆఫీసుకు రావడం అదే మొదటిసారి. గుమ్మం దగ్గర చెప్పులు విప్పబోతే ఆమె వారించింది. మరదలు కూర్చోలేదు. చేతి సంచిలోంచి మొక్కజొన్న ఆకు ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. ఆకు అంచులు లోపలికి తిరిగి, చుట్టలా చుట్టుకుపోయి ఉంది.

"మధ్యాహ్నం చుట్టుకుంటే సాయంత్రానికి విచ్చుకుంటుంది వదినా, అది మామూలే," అంది మరదలు. "ఇది తెల్లారగట్ల కోసింది."

ఆమె ఆకును చేతిలోకి తీసుకుంది. రాత్రి చల్లదనంలో కూడా విచ్చుకోలేదంటే వేరు దగ్గర నీరు లేదు.

"వాడు పంపాడా?"

"ఆయనా? నేను ఇక్కడికొచ్చానని తెలిస్తే నాలుగు రోజులు మాట్లాడరు. నేను ఏమీ అడగడానికి రాలేదు వదినా. ఒక్కసారి వచ్చి చూడండి, అంతే. అందరి చేలూ చూడండి. మా చేను చూడకపోయినా పర్లేదు."

ఆ చివరి మాట ఆమెకు గుచ్చుకుంది. సంచి తగిలించుకుని మరదలి వెంట బయల్దేరింది.

బస్సు దిగి కాలువ గట్టు మీద నడిచారు. గట్టు పక్కన పైరు పచ్చగా, ఎత్తుగా ఉంది. నడుస్తున్న కొద్దీ ఎత్తు తగ్గింది, రంగు తగ్గింది. చివరికి వచ్చేసరికి కాలువ అడుగున సన్నటి తడి చార మాత్రమే మిగిలింది. అక్కడి చేలన్నీ ఆకులు చుట్టుకుపోయి ఉల్లికాడల్లా నిలబడ్డాయి. పూత వచ్చింది గాని, పొత్తుల కొసన రావలసిన పీచు ఇంకా బయటికి రాలేదు. గాలి కొట్టినప్పుడల్లా పుప్పొడి ఎగిరి వట్టి నేల మీద పడుతోంది.

తమ్ముడు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. పార పక్కన పడి ఉంది. అక్కను చూసి లేవలేదు.

"దారి తప్పి వచ్చావా అక్కా?"

"చూద్దామని వచ్చాను రా."

"చూడు. టికెట్టు లేదులే." వాడు గడ్డిపరక తుంపి గాలిలోకి వదిలాడు. అది ఎక్కడికో కొట్టుకుపోయింది. "పొద్దున రేడియో పెట్టుకుంటే గాలి మాట చెప్తున్నారు. కాలువ గుమాస్తాని అడిగితే గాలి మాట చెప్తున్నాడు. నీ లెక్కలో మాత్రం గాలి లేదంట కదా, నిజమేనా?"

"గాలి కొలిచే యంత్రం పాడైంది."

"గాలి పాడవలేదుగా."

 మరదలు మధ్యలో వచ్చి "మంచినీళ్లు తాగండి వదినా" అంటూ సీసా అందించింది. ఆమె రెండు గుక్కలు తాగి తిరిగి ఇచ్చేసింది.

"నాకోసం ఎక్కువ రాయమనట్లేదక్కా," అన్నాడు తమ్ముడు నేల చూస్తూ. "నా కోసం తక్కువ రాయకు. అది చాలు."

తిరుగు ప్రయాణంలో ఆమెకు సీటు దొరికింది. కూర్చుంటే ఏడుపు వస్తుందేమోనని నిలబడింది.

*

ఇంజనీరు ఆమె కంటే వయసులో చిన్నవాడు. ఎప్పుడూ ఫోనులో ఎవరి చేతనో తిట్లు తింటూ ఉండే మనిషి. ఆమె చెప్పిందంతా విని, ఫోను బోర్లా పెట్టాడు.

"మేడమ్, మీ తమ్ముడిగారి పొలం ఎక్కడ?"

"చివర్లోనే సార్. మీకు తెలుసు."

"తెలుసు. సమావేశంలో నన్ను అడుగుతారు కాబట్టి ముందు నేను అడిగాను. ఏమీ అనుకోకండి." ఆయన డ్యామ్ పటం వైపు చూశాడు. "నీళ్లు తక్కువున్నాయి. ఇప్పుడు గేటు ఎత్తితే గింజ గట్టిపడేటప్పుడు ఇవ్వాల్సిన చివరి తడి అందరికీ తగ్గిపోతుంది. ఎగువ వాళ్లు నన్ను పచ్చడి చేస్తారు. నేను ఎత్తనని కాదు. వాళ్ల ముందు పెట్టడానికి నాకేదైనా కావాలి. 'మేడమ్‌గారికి అనిపించింది' అని చెప్పలేను కదా."

"చెప్పకండి. రెండు మూడు దారులున్నాయి. అన్నీ ఒకే అంకె దగ్గరికొస్తే అప్పుడు చెప్పండి. రాకపోతే అయిదే ఉంచండి."

మొదటి దారి బీరువాలో ఉంది. యంత్రాలన్నీ పనిచేసిన పాత సంవత్సరాల కొలతలు. ఆమె ఆ ఏళ్ల గాలి వారాలను ఏరి, ప్రతి వారానికీ రెండు లెక్కలు కట్టింది: నాలుగు సంగతులతో పూర్తి లెక్క ఒకటి, థర్మామీటర్లతో పొట్టి లెక్క ఒకటి. గాలి లేని వారాల్లో రెండూ పక్కపక్కనే నడిచాయి. పొడిగాలి వారాల్లో పొట్టి లెక్క వెనకబడింది, దానికి పావు వంతు నుంచి మూడో వంతు దాకా కలిపితేగాని పూర్తి లెక్కను అందుకోలేదు. రెండు రోజులు మెడ ఎత్తకుండా చేసిన పని అది. మెడ ఎత్తాక తల తిరిగింది.

రెండో దారి, అరువు గాలి. మైదానానికి ఆవలి కొసన చిన్న విమానాలు దిగే చోట గాలి కొలుస్తారు. అక్కడి ఉద్యోగి ఆమెతో కలిసి శిక్షణ తీసుకున్నవాడు. ఫోను చేస్తే, "ఇన్నేళ్లకు ఫోను చేసి క్షేమం అడుగుతావనుకుంటే గాలి అడుగుతున్నావా?" అని నవ్వి, అంకెలు చదివాడు. మధ్యలో కొండా లేదు, అడవీ లేదు కనుక అక్కడి గాలి ఇక్కడికీ ఇంచుమించు సరిపోతుంది. గడ్డి మీద మంచు పడటం లేదు కనుక చెమ్మను ఇంకొంచెం తగ్గించి వేసుకుంది. రోజుకు ఆరున్నర వచ్చింది.

మూడోది పళ్లెం. కంచెలో ఒక మూల బండి చక్రమంత వెడల్పు, జాన లోతు ఉన్న రేకు పళ్లెం తుప్పు పట్టి బోర్లించి ఉంది. దాంట్లో నీళ్లు పోసి, రోజూ ఎంత దిగిందో కొలిచేవారు ఒకప్పుడు. అడుగు కారుతోందని వదిలేశారు. ఆమె భర్తను పిలిపించింది. ఆయన పళ్లేన్ని వేలితో తట్టి చూశాడు.

"దీనికి వెల్డింగు పెడితే కాగితంలా కాలిపోద్ది. టంకమే పెట్టాలి."

"పెట్టండి మరి."

"ఆఫీసు పనికి నేనా?"

"లేని గడ్డి అని ఇన్నాళ్లూ ఎగతాళి చేశారుగా. ఇప్పుడు ఉన్న పళ్లెం దొరికింది."

ఆయన నవ్వాడు. టంకం పెట్టాక నీళ్లు నింపి, ఒక పూట ఉంచి, అడుగున పొడిగుడ్డతో తుడిచి చూపించాడు. గుడ్డ తడవలేదు. పిట్టలు తాగకుండా పైన సన్నటి వల కట్టారు.

ఆ మర్నాడు మైకు మామ వచ్చాడు. ఆయన రాక గేటు దగ్గరి నుంచే వినబడింది. కంచె బయట నిలబడి పళ్లేన్ని తేరిపార చూశాడు.

"అమ్మాయ్, మాట దాచుకోవడం నాకు రాదు. చివరి పొలాల కోసం ఏదో కొత్త లెక్క తయారవుతోందని విన్నాను. ఇందులో రాత్రిపూట ఎవరైనా చెంబుతో ముంచితే?"

ఆమెకు కోపం రాలేదు. కోపం రావడానికి కూడా ఓపిక కావాలి. "మీరే తాళం వేసుకోండి మామయ్యా. తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి. పొద్దున వచ్చి తీయండి, ఇద్దరం కలిసి కొలుద్దాం."

ఆయన అంత పనీ చేశాడు. ఇంటి నుంచి పెద్ద తాళం తెచ్చి కంచె తలుపుకు వేశాడు. ఆ తర్వాతే తెలిసింది ఆయనకు, తాళం వేసినవాడు రోజూ పొద్దున్నే రావాలని. "కోరి కొరివితో తల గోక్కున్నా," అని గొణిగేవాడు, ఆ గొణుగుడు రోడ్డు మీదికి వినబడేది. అయినా రోజూ వచ్చాడు. నీటి మట్టం దగ్గరికి వంగి, కళ్లజోడు సర్దుకుని, ఆమె చెప్పిన అంకె తానూ చూసేవాడు. రోజూ పది మిల్లీమీటర్లకు అటూ ఇటూగా దిగుతోంది.

"పదా! మరి అయిదని రాశావు?"

"పళ్లెంలో ఎండకు రేకు కూడా కాగుతుంది మామయ్యా, గాలి నేరుగా నీటిని నాకేస్తుంది. పైరు అంత పోగొట్టుకోదు. ఈ గాలిలో దాంట్లో మూడింట రెండు వంతులు అనుకోవాలి."

ఆయన వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. మొదటిసారి ఆయన గొంతు తగ్గింది. "అయినా అయిదు కాదు."

"కాదు."

*

సమావేశం గోదాములో జరిగింది. బయట గాలికి రేకులు దడదడలాడుతుంటే ప్రతి ఒక్కరూ రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆమె లేచి ముందుగా ఒక మాట చెప్పింది.

"మా తమ్ముడి పొలం కాలువ చివర్లో ఉంది. ఇది అందరికీ తెలుసు. వెనక మాట్లాడుకునే బదులు ముందే చెప్తున్నా. రెండు వారాలుగా నేను రాసిన అంకె తక్కువ. దానికి గాలి తెలీదు. అది నాకు తెలిసి కూడా, ఎవరేమంటారోనని ఊరుకున్నాను."

 వెనక వరసలో తమ్ముడు తల దించుకుని కూర్చున్నాడు. ఆమె మూడు దారులూ చెప్పింది. మూడూ ఆరున్నర చుట్టుపక్కలే చేరాయని చెప్పింది.

ఎగువ రైతు ఒకడు లేచాడు. "అన్నీ బాగానే ఉన్నాయి. ఇప్పుడు గేటెత్తితే చివరి తడి ఎవరిస్తారు? మీ పళ్లెం ఇస్తుందా?"

"చివరి తడి తగ్గుతుంది," అంది ఆమె. "ఎవరికీ తగ్గదని నేను చెప్పను. పూత మీదున్న పైరుకి ఇప్పుడు నీళ్లు లేకపోతే గింజే పట్టదు. గింజ పట్టాక తగ్గితే తేలికవుతుంది. రెండూ నష్టమే. ఏది ఎక్కువ నష్టమో మీకే బాగా తెలుసు."

మైకు మామ కూర్చునే మాట్లాడాడు. "తాళం నాదే. కొలిచింది నా కళ్ల ముందే. నీళ్లు దిగిన మాట నిజం. నాకిది నచ్చలేదు, నా చివరి తడి పోతోంది. నచ్చలేదని లేదనలేను."

వాదన చాలాసేపు సాగింది. ఒకరిద్దరు లేచి వెళ్లిపోయారు. చివరికి గాలి ఆగేదాకా గేటు ఎక్కువ ఎత్తాలని, చివరి తడి అందరికీ సమానంగా కోయాలని ఇంజనీరు ప్రకటించాడు. ఆమె మరొకటి అడిగింది: గాలి రోజుల్లో ఇకమీదట తన అంకె పక్కన రైతుల తరఫున ఒకరు సంతకం పెట్టాలని. ఇంజనీరు ఒప్పుకున్నాడు. అందరూ మైకు మామ వైపు చూశారు. ఆయన తల పట్టుకున్నాడు.

*

నీళ్లు చివరి పొలాలకు చేరాయి. చుట్టుకున్న ఆకులు విచ్చుకున్నాయి. ఆ తర్వాత కొన్నాళ్లకు గాలి దానంతటదే ఆగింది.

కానీ పూతకు వయసు ఉంటుంది. ఆలస్యంగా వచ్చిన పీచుకు పుప్పొడి అందలేదు. తమ్ముడి పొలంలో కాలువకు దగ్గరగా ఉన్న సగం కోలుకుంది. దూరపు సగంలో పొత్తులు ఒలిచి చూస్తే పళ్లూడిన నోళ్లలా అక్కడొక గింజ, ఇక్కడొక గింజ. ఎగువన పంట వచ్చింది గాని గింజ తేలికైంది. వాళ్లు ఆమెను చూస్తే ముఖం తిప్పుకునేవారు. దిగువ వాళ్లు ముఖం తిప్పుకోలేదు, అలాగని పలకరించనూ లేదు. మొదటి రెండు వారాల సంగతి వాళ్లూ మరచిపోలేదు.

ఆమె రోజూ అదే బస్సు ఎక్కింది. తెల్ల పెట్టె తెరిచి రెండు థర్మామీటర్లు చూసింది. గిన్నెల యంత్రం ఇంకా పరిశీలనలోనే ఉంది. తన పాత లెక్కల నుంచి, గాలి నెలల్లో ఎంత కలపాలో ఒక చిన్న పట్టిక తయారుచేసి గోడకు అంటించింది. ఎవరో ఒకరు తన తర్వాత ఈ కుర్చీలోకి వస్తారు కదా అనుకుంది.

కోత రోజుల్లో ఒక ఆదివారం భర్త పొద్దున్నే కొడవలి నూరుతూ కనిపించాడు.

"ఎక్కడికి?"

"మా తమ్ముడి పొలానికి. గింజ పట్టని సగాన్ని పశువులకని కోస్తున్నాడంట. కూలీలు దొరకలేదు." ఆగి, "పంట ఇంటికొచ్చేసింది కదా. నువ్వూ రావచ్చు," అన్నాడు.

ఆమె చెంగు బిగించి వెళ్లింది. తమ్ముడు చూశాడు. ఆమె ఒక సాలు పట్టుకుని కోయడం మొదలుపెట్టింది. చాలా ఏళ్లయింది కొడవలి పట్టి. పిడి జారి, కొడవలి మోకాలి పక్కనుంచి దూసుకుపోయింది.

"అబ్బా, అలా కాదక్కా!" తమ్ముడు పరుగున వచ్చి ఆమె చేయి పట్టుకుని సరిచేశాడు. "కింద పట్టుకో. నీ వైపు లాక్కోకు, పక్కకి లాగు. నాన్న నీకెప్పుడూ ఇవ్వలేదు కదా కొడవలి, పుస్తకమే ఇచ్చాడు."

"నువ్వు ఇవ్వు."

వాడు తన కొడవలి ఆమెకిచ్చి, ఆమెది తీసుకున్నాడు. వాడిది పదునుగా ఉంది. పక్కపక్క సాళ్లలో మధ్యాహ్నం దాకా కోశారు.  మరదలు మోపులు కడుతోంది, భర్త బండికెత్తుతున్నాడు. ఎండ నెత్తి మీదికొచ్చాక నలుగురూ బండి నీడలో కూలబడ్డారు. ఆమె అరచేతులు బొబ్బలెక్కాయి. మరదలు చూసి అయ్యో అంటూ తడిగుడ్డ చుట్టింది.

"రేపు ఆఫీసులో ఎలా రాస్తావక్కా?" అన్నాడు తమ్ముడు.

"రేపు సెలవు పెడతా," అంది ఆమె, చక్రానికి వీపు ఆనించి కళ్లు మూసుకుంటూ. "మిగతా సాళ్లు ఉన్నాయి కదా."